భీమవరం మేత డీలర్లు ఎందరు? ఈమెయిల్ కాంటాక్టులను ఒకటికి మించిన వర్గాలతో వడపోయడంలోని చిక్కు

రొయ్యల మేత పంపిణీ చేసే ఒక కార్యాలయం భీమవరంలో ఉందనుకుందాం. కొత్త ధరల పట్టిక సిద్ధమైంది. ‘భీమవరం మేత డీలర్లకు మెయిల్ పెట్టేయండి’ అని యజమాని గుమాస్తాకు చెప్పి చెరువుల మీదికి వెళ్లిపోయారు. గుమాస్తా ఈమెయిల్ ప్రోగ్రాంలో కాంటాక్టులు తెరిచి, ఫిల్టర్‌లోని వర్గాల జాబితాలో ‘భీమవరం’ ఎదుట ఒక టిక్కు, ‘మేత డీలర్’ ఎదుట మరో టిక్కు పెట్టారు. రావాల్సినవి 35 పేర్లు, వచ్చినవి 175. భీమవరంలోని ఐస్ ఫ్యాక్టరీ యజమాని అందులో ఉన్నారు, ఆ ఊరి ఆడిటరు ఉన్నారు, ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్కు ఉన్నారు. అటు అమలాపురం, రాజోలు, నరసాపురం మేత డీలర్లూ ఉన్నారు. భీమవరం డీలర్లకు మాత్రమే ఇవ్వదలచిన తగ్గింపు ధర పక్క ఊళ్ల డీలర్ల చేతికి వెళితే, ఆ తర్వాత వారం రోజులు ఫోన్లకు సమాధానం చెప్పుకోవడంతోనే సరిపోతుంది.

ఇక్కడ తప్పు ప్రోగ్రాందని అనలేం. గుమాస్తాదనీ అనలేం. రెండు టిక్కులు పెట్టినప్పుడు ‘ఈ రెండూ ఉన్నవాళ్లు’ అని గుమాస్తా అనుకున్నారు. ‘ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉన్నవాళ్లు’ అని ప్రోగ్రాం అర్థం చేసుకుంది. రెండు అర్థాలూ సమంజసమైనవే. వాటిలో ఏది కావాలో చెప్పే చోటు ఆ తెర మీద లేకపోవడమే అసలు లోపం.

ఈ తికమక మన మాట తీరులోనే కొంత ఉంది. తెలుగులో రెండు లక్షణాలూ ఒకే మనిషిలో ఉండాలని చెప్పడానికి మాటలను ఒకదాని వెనుక ఒకటి పేరుస్తాం: ‘భీమవరం మేత డీలర్లు’. మధ్యలో ఏ సముచ్చయమూ ఉండదు. అదే ‘భీమవరం వాళ్లకీ, మేత డీలర్లకీ పంపండి’ అని దీర్ఘాలు తీస్తే రెండు గుంపులనూ కలిపి చెప్పినట్టు. ‘రైతులూ వ్యాపారులూ రావాలి’ అని దండోరా వేస్తే రైతు, వ్యాపారి రెండూ అయినవాడు మాత్రమే రావాలని ఎవరూ అనుకోరు. కంప్యూటర్ తర్కంలో మాత్రం ‘మరియు’ అంటే రెండూ ఒకే చోట ఉండాలి, ‘లేదా’ అంటే ఏదో ఒకటి ఉంటే చాలు. కాబట్టి నోటితో ‘కీ, కీ’ అని కలిపి చెప్పినది ప్రోగ్రాంలో ‘లేదా’ అవుతుంది. నోటితో ఏమీ కలపకుండా పేర్చినది ప్రోగ్రాంలో ‘మరియు’ అవుతుంది. యజమాని మాటను గుమాస్తా తెరమీదికి దించేటప్పుడు జరిగే ఈ తారుమారును ముందుగా గుర్తిస్తే సగం పొరపాట్లు తగ్గుతాయి. (‘మరియు’ అనే మాట అసలు తెలుగు వాక్యంలో సహజంగా ఇమడదు, అనువాద మెనూల పుణ్యమా అని తెరల మీద స్థిరపడిపోయింది. ఈ వ్యాసంలో దాన్ని తర్క చిహ్నంగా మాత్రమే వాడుతున్నాం.)

కాలువల కింద వ్యవసాయం చేసే ప్రాంతంలో ఈ తేడాను నీటితో చెప్పడం తేలిక. ధవళేశ్వరం నుంచి వచ్చే ఒకే కాలువ మీద, ఒకదాని దిగువన మరొకటిగా రెండు లాకులు ఉన్నాయనుకుంటే, రెండూ ఎత్తితేనే శివారు ఆయకట్టుకు నీరు అందుతుంది. ఒక్కటి దించినా చాలు, కింద చేలు ఎండుతాయి. ఇది ‘మరియు’. అదే చేనుకు రెండు వేర్వేరు బోదెల నుంచి నీరు వచ్చే వీలుంటే, ఏ ఒక్కటి పారినా మడి తడుస్తుంది. ఇది ‘లేదా’. వర్గాలు పెరిగేకొద్దీ ‘మరియు’తో జాబితా చిక్కిపోతుంది, ‘లేదా’తో లావెక్కుతుంది. మరో వర్గానికి టిక్కు పెట్టగానే పేర్లు తగ్గాయా పెరిగాయా అని చూస్తే, ఆ ప్రోగ్రాం రెండింటిలో ఏ పద్ధతిని పాటిస్తున్నదో సహాయ పేజీలు చదవకుండానే తెలిసిపోతుంది.

ప్రోగ్రాం ‘లేదా’నే ఎందుకు ఎంచుకుంటుందో తెలియాలంటే వర్గం ఎక్కడ నిల్వ ఉంటుందో చూడాలి. కాంటాక్టును ఒక కార్డుగా ఊహిస్తే, అందులో పేరుకు ఒక గడి, ఫోనుకు ఒక గడి, ఊరికి ఒక గడి, సంస్థకు ఒక గడి ఉంటాయి. వర్గాలకూ ఒకే ఒక గడి ఉంటుంది. ఎన్ని వర్గాలు పెట్టినా అన్నీ ఆ ఒక్క గడిలోనే కామాలతో వరసగా కూర్చుంటాయి. కాంటాక్టులను ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు మోసుకెళ్లే వీకార్డ్ ప్రమాణంలోనూ ఇదే ఏర్పాటు. 1998లో వచ్చిన మూడో రూపం, అంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో ఆర్‌ఎఫ్‌సీ 2426, వర్గాలకు ఒక ప్రత్యేక గుణాన్ని ఇచ్చింది. 2011 నాటి నాలుగో రూపం ఆర్‌ఎఫ్‌సీ 6350 కూడా దాన్ని అలాగే ఉంచింది. ‘భీమవరం, మేత డీలర్, వనామీ, బాకీ’ అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు: ఎక్కడ, ఏ వ్యాపారం, ఏ రకం రొయ్య, చెల్లింపు సంగతేమిటి? మనిషి కంటికి అలా కనిపిస్తాయి. ప్రోగ్రాంకు మాత్రం అవి ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు.

ఒకే ప్రశ్నకు రెండు జవాబులు అడిగితే ‘లేదా’ అనుకోవడం న్యాయమే. ఊరి గడిలో ‘భీమవరం’, ‘నరసాపురం’ రెండూ అడిగినవారికి రెండు ఊళ్లలోనూ ఉండే మనిషి కావాలని అర్థం తీస్తే జాబితా ఖాళీగా వస్తుంది. వేర్వేరు ప్రశ్నల మధ్య మాత్రం ‘మరియు’ ఉండాలి: ఊరు భీమవరమై ఉండాలి, వ్యాపారం మేత అయి ఉండాలి. విండోస్‌లో చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ ప్రోగ్రాం, పాత ఔట్‌లుక్, ఈ సూత్రాన్నే పాటిస్తుంది. వ్యూ సెట్టింగ్స్‌లో ఫిల్టర్ తెరిచి, ‘అడ్వాన్స్‌డ్’ అనే పుటలో షరతులు ఒక్కొక్కటిగా చేర్చినప్పుడు, వేర్వేరు గడులకు పెట్టిన షరతులను అది ‘మరియు’తో కలుపుతుంది, ఒకే గడికి రెండు షరతులు పెడితే ‘లేదా’తో కలుపుతుంది. ‘మోర్ ఛాయిసెస్’ పుటలో రెండు వర్గాలు ఎంచుకున్నా ఇదే ఫలితం. సూత్రం మంచిదే. కానీ మనం ఊరునూ వ్యాపారాన్నీ బాకీనీ ఒకే గడిలో కుక్కి పెట్టాం గనుక ఆ మంచి సూత్రమే మనకు అడ్డం తిరుగుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. వాటిలో ఎక్కువ కాలం నిలిచేది, తక్కువమంది పట్టించుకునేది, గడులను వాటి పనికి వాడుకోవడం. ఊరు వర్గం కాదు. చిరునామాలో ఊరికి గడి ఉంది, అందులో పెట్టాలి. సంస్థ పేరుకూ హోదాకూ గడులున్నాయి. అప్పుడు ఫిల్టర్‌లో ‘ఊరు: భీమవరం’ అన్నది ఒక షరతు, ‘వర్గం: మేత డీలర్’ అన్నది రెండో షరతు, గడులు వేరు గనుక ప్రోగ్రాం తనంతట తానే ‘మరియు’ పెడుతుంది, 35 పేర్లు వస్తాయి. వర్గాల గడిని వేరే గడి లేని విషయాలకే, అంటే వ్యాపార స్వభావం వంటివాటికి మాత్రమే, మిగుల్చుకోవచ్చు.

రెండో దారి ‘ఎస్‌క్యూఎల్’ పుట. ‘అడ్వాన్స్‌డ్’ పుటలో రెండు వర్గాలకు రెండు షరతులు రాసి, ‘ఎస్‌క్యూఎల్’ పుటకు వెళితే ఆ షరతులే తర్క వాక్యంగా కనిపిస్తాయి. అక్కడ నేరుగా దిద్దుకునేందుకు అనుమతించే గడికి టిక్కు పెట్టి, రెండు షరతుల మధ్య ఉన్న ‘ఆర్’ అనే మాటను చెరిపి ‘అండ్’ అని రాస్తే సరిపోతుంది. చేసేది ఒక్క మాట మార్పే అయినా దీనికొక మూల్యం ఉంది: ఆ టిక్కు పెట్టిన తర్వాత మిగిలిన పుటలు పని చేయడం మానేస్తాయి, ఆ ఫిల్టర్‌లో ఏ మార్పు కావాలన్నా ఆ వాక్యంలోనే చేసుకోవాలి. గుమాస్తా మారితే కొత్తగా వచ్చినవారికి అది మంత్రంలా కనిపిస్తుంది. రోజూ వాడే ఒకటి రెండు జాబితాల కోసం దీన్ని ఒకసారి అమర్చి, ఆ వ్యూకు, అంటే తెర మీది ఆ అమరికకు, తేటగా ‘బాకీ ఉన్న మేత డీలర్లు’ వంటి పేరు పెట్టి భద్రపరచుకోవడం మేలు.

మూడోది వెతుకుడు గడి. వర్గం అనే సూచికతో ఒక పేరు, తర్వాత ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ‘అండ్’, తర్వాత మళ్లీ వర్గం సూచికతో రెండో పేరు రాస్తే రెండూ ఉన్నవారే వస్తారు. చిన్న అక్షరాల్లో రాస్తే ప్రోగ్రాం దాన్ని తర్క పదంగా గుర్తించకపోవచ్చు. ఒక్కసారి చూసుకుని వదిలేసే పనికి ఇది చాలు.

కంప్యూటర్లు రాకముందు కొన్ని గ్రంథాలయాల్లో, పరిశోధన శాలల్లో వాడిన అంచు రంధ్రాల కార్డులను గుర్తు చేసుకుంటే ‘మరియు’ ఎంత సహజమైన పనో అర్థమవుతుంది. కార్డు అంచుల వెంట వరసగా రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రం ఒక్కో లక్షణం. ఆ లక్షణం ఉన్న కార్డుకు ఆ రంధ్రాన్ని అంచు దాకా కత్తిరిస్తారు. కట్టంతా పేర్చి ఒక రంధ్రంలో సన్నని ఊచ దూర్చి ఎత్తితే, కత్తిరించిన కార్డులు జారి కింద పడతాయి, మిగతావి ఊచకు వేలాడుతూ ఉండిపోతాయి. కింద పడ్డవాటిని మాత్రమే తీసుకుని, మళ్లీ కట్టగట్టి, రెండో రంధ్రంలో ఊచ దూరుస్తారు. రెండోసారి పడ్డవే రెండు లక్షణాలూ ఉన్నవి. అంటే ‘మరియు’ అనేది వడపోసినదాన్నే మళ్లీ వడపోయడం తప్ప మరేమీ కాదు. నేటి ఈమెయిల్ ప్రోగ్రాంలలో చాలావాటికి లేనిది సరిగ్గా ఈ సదుపాయమే: ఒక వర్గంతో వచ్చిన జాబితా మీద నిలబడి రెండో వర్గం అడిగే వీలు. రెండో వర్గం నొక్కగానే మొదటిది జారిపోతుంది.

గూగుల్ కాంటాక్ట్స్‌లో పరిస్థితి దాదాపు ఇదే. అక్కడ వర్గాన్ని లేబుల్ అంటారు. ఒక మనిషికి ఎన్ని లేబుళ్లయినా తగిలించవచ్చు. పక్కన ఉన్న పట్టీలో ఒక లేబుల్ నొక్కితే ఆ లేబుల్ వాళ్లు కనిపిస్తారు, మరొకటి నొక్కితే ఆ రెండోవాళ్లు కనిపిస్తారు. విచిత్రమేమిటంటే, 2004 ఏప్రిల్ 1న మొదలైన జీమెయిల్ ఫోల్డర్ల స్థానంలో లేబుళ్లను ప్రచారంలోకి తెచ్చింది; అక్కడ ఉత్తరాలను వెతికేటప్పుడు రెండు లేబుళ్లు పక్కపక్కన రాస్తే రెండూ ఉన్న ఉత్తరాలే వస్తాయి. ఉత్తరాలకు ఇచ్చిన సౌకర్యం మనుషులకు రాలేదు. థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాంలోనూ ఇలాంటి తేడాయే: ఉత్తరాల మీది క్విక్ ఫిల్టర్ పట్టీలో ట్యాగులు ఎంచుకున్నప్పుడు ‘వీటిలో ఏదైనా’, ‘ఇవన్నీ’ అనే రెండు ఎంపికలు స్పష్టంగా కనిపిస్తాయి. అది చాలా మర్యాదైన ఏర్పాటు; ప్రతి ఫిల్టర్ తెర మీదా ఉండవలసిన ప్రశ్న అదొక్కటే. చిరునామా పుస్తకం దగ్గరికి వచ్చేసరికి వర్గాల కోసం చాలాకాలంగా కార్డ్‌బుక్ వంటి అదనపు జోడింపులను ఆశ్రయించవలసి వచ్చింది.

కడియం వైపు నర్సరీల వ్యాపారాన్ని తీసుకుంటే గూగుల్ లేబుళ్లతో వచ్చే ఇబ్బంది, దాని నుంచి బయటపడే దారి రెండూ కనిపిస్తాయి. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, జేగురుపాడు పరిసరాల నుంచి మొక్కలు ఇతర రాష్ట్రాలకు లారీల్లో వెళతాయి. ఒక నర్సరీ దగ్గర ‘ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్’, ‘టోకు’, ‘పామ్స్’, ‘పండ్ల మొక్కలు’, ‘బెంగళూరు’, ‘హైదరాబాద్’ అనే లేబుళ్లున్నాయనుకుందాం. తొలకరి ముందు, హైదరాబాద్‌లో పామ్స్ కొనే కాంట్రాక్టర్లకు మాత్రమే కొత్త ఫొటోలు, ధరలు పంపాలి. మూడు లేబుళ్ల కలయిక ఇది. గూగుల్ కాంటాక్ట్స్‌లో ఒక లేబుల్‌ను తెరిచి దాన్ని సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన పట్టికగా, ఎగుమతి చేసుకుంటే, ప్రతి మనిషి ఎదుటా ఒకే నిలువు వరసలో అతని లేబుళ్లన్నీ, మధ్యలో మూడు కోలన్ల గుర్తుతో విడదీసి కనిపిస్తాయి. ఎక్సెల్‌లో ఆ నిలువు వరసకు కస్టమ్ ఫిల్టర్ వేస్తే రెండు షరతులు రాసే చోటు, వాటి మధ్య ‘అండ్’, ‘ఆర్’ అని ఎంచుకునే చోటు ఉంటాయి. ఒక లేబుల్ ఎగుమతిలోనే తీరిపోయింది గనుక మిగిలిన రెండూ అక్కడ తీరతాయి. ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు లేబుళ్లు చిందరవందర గుర్తులుగా కనబడవచ్చు. అక్షర సంకేత పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పి దిగుమతి చేసుకుంటే అక్షరాలు అక్షరాలుగా వస్తాయి. తేలిన పేర్లకు ‘తొలకరి పామ్స్’ అని ఒక కొత్త లేబుల్ తగిలిస్తే, ఉత్తరం రాసేటప్పుడు ‘టు’ గడిలో ఆ లేబుల్ పేరు కొడితే చాలు. ఈ లేబుల్ ఆ రోజు పరిస్థితికి తీసిన ఫొటో లాంటిది. రేపు కొత్తగా వచ్చిన కాంట్రాక్టర్ అందులోకి తానుగా చేరడు.

లెక్కలో తరచు జరిగే మరో పొరపాటు ఇది. మేత కార్యాలయంలో ‘భీమవరం’ వర్గంలో 120 మంది, ‘మేత డీలర్’ వర్గంలో 90 మంది, రెండింటిలోనూ ఉన్నవారు 35 మంది అనుకుంటే, ఏదో ఒకటి ఉన్నవారు 120కి 90 కలిపి, రెండుసార్లు లెక్కకు వచ్చిన 35 తీసివేయగా 175. ఔట్‌లుక్‌లో కాంటాక్టులను వర్గాలవారీగా గుంపులు చేసి చూస్తే మాత్రం 210 వరసలు కనిపిస్తాయి. రెండు వర్గాలున్న మనిషి రెండు గుంపుల కిందా విడివిడిగా ప్రత్యక్షమవుతాడు. అతని కార్డు ఒక్కటే, కనబడేది రెండు చోట్ల. ‘ఒకే పేరు రెండుసార్లు పడింది’ అని ఒక వరసను తొలగిస్తే రెండో చోట కూడా మాయమవుతుంది, ఎందుకంటే తొలగినది మనిషి కార్డే.

వర్గాలను ఎలా పెట్టుకోవాలన్న ప్రశ్నకు ఈమెయిల్ కంటే చాలా ముందే, ఈ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, ఒక మంచి జవాబు దొరికింది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ, ఒక పుస్తకాన్ని ఒకే అరలోకి నెట్టకుండా, దాన్ని వేర్వేరు ముఖాల నుంచి చూడమంది. స్థలం ఒక ముఖం, కాలం ఒక ముఖం, పదార్థం ఒక ముఖం. ప్రతి ముఖం నుంచి ఒక్కో జవాబు తీసుకుని, వాటిని గుర్తులతో కలిపితే పుస్తకం స్థానం తేలుతుంది. కాంటాక్టులకూ ఇదే వర్తిస్తుంది. ముందుగా ముఖాలు నిర్ణయించుకోవాలి, ఆ తర్వాతే వర్గాలు. గడులు చాలనప్పుడు వర్గం పేరు ముందే ముఖాన్ని రాసుకోవడం పనికొస్తుంది: ‘పని: మేత డీలర్’, ‘పని: హేచరీ’, ‘సరుకు: వనామీ’, ‘సరుకు: చేప’. అక్షర క్రమంలో ఒక ముఖానికి చెందినవన్నీ ఒకచోట చేరతాయి. ఒకే ముఖంలోని రెండింటి మధ్య ‘లేదా’, రెండు ముఖాల మధ్య ‘మరియు’ అని కంటితోనే తెలుస్తుంది.

స్థలం అనే ముఖం చూడటానికి తేలికగా ఉన్నా, గోదావరి డెల్టాలో అదే ఎక్కువ మోసం చేస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు ‘తూర్పు గోదావరి’ అని వర్గం పెట్టిన అమలాపురం వ్యాపారి ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్నారు. కాకినాడ వ్యాపారి కాకినాడ జిల్లాలో ఉన్నారు. ఏరు దాటి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరి జిల్లాలో చేరాయి. పశ్చిమ గోదావరికి ఏలూరు బదులు భీమవరం జిల్లా కేంద్రమైంది. 2019లో తగిలించిన వర్గానికి ఈ సంగతేదీ తెలియదు. అది తగిలించిన రోజు గీతలనే పట్టుకుని ఉంటుంది. పైగా నీటి లెక్క వేరు. నిడదవోలు రైతు రెవెన్యూ లెక్కలో తూర్పు గోదావరి జిల్లావాడు, కాలువ లెక్కలో పశ్చిమ డెల్టావాడు. వేసవిలో కాలువలు కట్టేసే తేదీల సమాచారం పంపాలంటే డెల్టా ముఖ్యం. జిల్లా అధికారుల అనుమతుల గురించి పంపాలంటే జిల్లా ముఖ్యం. ఒకరికి రెండు స్థల వర్గాలు ఉండటంలో తప్పేమీ లేదు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని గుర్తున్నంతవరకు. జిల్లాను వర్గంగా పెట్టడం కంటే ఊరినీ మండలాన్నీ గడిలో రాసుకుని, జిల్లా కావలసినప్పుడు ఆ ఊళ్ల జాబితాతో ‘లేదా’ వేసుకోవడం నయం. గీతలు మళ్లీ మారినా కార్డులు ముట్టుకోనక్కరలేదు, ఊళ్ల జాబితా దిద్దితే సరిపోతుంది.

ఊరి పేరులోనూ ఇబ్బంది ఉంది. ఒకరి కార్డులో ‘రాజమండ్రి’, మరొకరి కార్డులో 2015 నుంచి అధికారికంగా వాడుతున్న ‘రాజమహేంద్రవరం’ ఉంటే, వాడుకలో అది ఒకే ఊరు, ఫిల్టర్‌కు రెండు ఊళ్లు.

అక్షరాల దగ్గరికి వచ్చాం గనుక తెలుగుకే ప్రత్యేకమైన రెండు మూడు ఉచ్చుల గురించి చెప్పుకోవాలి. ఫిల్టర్లలో ఎక్కువగా వాడే షరతు ‘ఈ మాట కలిగి ఉన్నది’ అన్నది. అది మాట అర్థాన్ని చూడదు, అక్షరాల వరసను చూస్తుంది. ‘రొయ్య’ అని అడిగితే ‘రొయ్య మేత’, ‘రొయ్య సీడ్’, ‘రొయ్యల ల్యాబ్’ అన్నీ వస్తాయి. ఇది ఒక్కోసారి ఉపయోగమే. కానీ తెలుగులో వ్యతిరేకం మాట చివర వస్తుంది. ‘బాకీ’ అనే ఒక వర్గం, ‘బాకీ లేదు’ అనే మరో వర్గం పెట్టుకున్న కార్యాలయంలో, ‘బాకీ’ కలిగి ఉన్నవారిని అడిగితే పైసా బాకీ లేని పెద్దమనుషులకు కూడా వసూలు ఉత్తరం వెళుతుంది. ఇలాంటి జంటలకు ఒకదానిలో మరొకటి ఇమడని పేర్లు పెట్టాలి: ‘బాకీ’, ‘చెల్లు’.

రెండో ఉచ్చు కంటికే కనిపించదు. యూనికోడ్‌లో అక్షరాలను కలవకుండా ఆపే ఒక శూన్య గుర్తు ఉంది. ‘ల్యాండ్‌స్కేప్’ వంటి మాటలో ‘డ్’ కింద ‘స’ వత్తు పడకుండా ఆపేది అదే. కొన్ని తెలుగు టైపింగ్ పద్ధతులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దాన్ని చేరుస్తాయి. అందువల్ల ఒకరు కొట్టిన ‘ఏజెంట్’, మరొకరు కొట్టిన ‘ఏజెంట్’ తెర మీద అచ్చంగా ఒకేలా కనిపించి కూడా రెండు వర్గాలుగా మిగిలిపోతాయి. జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే మొదట అనుమానించవలసింది దీన్నే. కొత్త వర్గాన్ని ప్రతిసారీ కొట్టకుండా ఉన్న జాబితా నుంచే ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. వర్గం పేరులో కామా వాడకూడదన్నది మూడో జాగ్రత్త. ‘రొయ్య, చేప’ అని ఒకే వర్గం అనుకుని రాసినది రెండు వర్గాలుగా చీలిపోతుంది. రంగుల మీద ఆధారపడేవారికి మరో మాట: పాత ఔట్‌లుక్‌లో ఉన్న రంగులు 25. వర్గాలు అంతకు మించితే రెండు వర్గాలు ఒకే రంగు పంచుకోక తప్పదు.

‘కానివాళ్లు’, ‘లేనివాళ్లు’ అని అడగడం ఇంకా సున్నితం. ‘రొయ్యా చేపా రెండూ లేనివాళ్లు’ అంటే ఒక్కటి కూడా లేనివాళ్లా, రెండూ కలిపి లేనివాళ్లా? మాటలో రెండు అర్థాలూ ఒదుగుతాయి. ‘రొయ్య లేదా చేప’ అన్నదాన్ని మొత్తంగా కాదంటే ‘రొయ్య కాదు, మరియు చేప కాదు’ అవుతుందని, ‘మరియు’ను కాదంటే అది ‘లేదా’గా మారుతుందని సూత్రీకరించిన అగస్టస్ డి మోర్గాన్ 1806లో మదురైలో పుట్టిన ఆంగ్లేయుడు, ఈ తర్కాన్ని బీజగణితంగా మలచిన జార్జ్ బూల్ అతని సమకాలికుడు. సూత్రం తెలిసినా ఒక చిక్కు మిగులుతుంది. ‘బాకీ’ వర్గం లేని కార్డులన్నీ బాకీ లేనివారివని అర్థం కాదు. కొందరి లెక్క ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అందుకే ముఖ్యమైన విషయాల్లో లేమిని నమ్ముకోకుండా, ‘చెల్లు’ వంటి వర్గాన్ని చూసినవారే తగిలించాలి. ఏ వర్గమూ లేని కార్డులను విడిగా ఒక జాబితాగా తీసి అప్పుడప్పుడు పరిశీలించాలి.

వర్గం బదులు కాంటాక్ట్ గ్రూపు పెట్టుకుంటే ఈ బాధలన్నీ ఉండవు కదా అన్న వాదన ఉంది. అది సగమే నిజం. గ్రూపులో చేర్చిన చిరునామా ఆ రోజుది. ఆ డీలర్ తర్వాత ఈమెయిల్ మార్చుకుని కార్డులో దిద్దినా, ఔట్‌లుక్‌లో గ్రూపును తెరిచి తాజాపరిస్తే తప్ప పాత చిరునామాకే ఉత్తరం పోతుంది. వర్గం కార్డు మీదే ఉంటుంది గనుక కార్డుతో పాటు మారుతుంది. పైగా మూడు వర్గాలతో వచ్చే కలయికలన్నింటికీ విడివిడిగా గ్రూపులు కట్టాలంటే వాటి నిర్వహణే ఒక ఉద్యోగమవుతుంది. పది మంది మారని సభ్యులున్న సంఘానికి గ్రూపు సరిపోతుంది. రోజూ మారే వ్యాపారానికి సరిపోదు.

వడపోసిన జాబితాకు ఉత్తరం పంపడం చివరి పని. ఔట్‌లుక్ కాంటాక్టుల నుంచి మెయిల్ మెర్జ్ మొదలుపెట్టినప్పుడు, ప్రస్తుతం తెర మీద కనిపిస్తున్నవారందరికీ అనీ, ఎంచుకున్నవారికి మాత్రమే అనీ రెండు ఎంపికలు వస్తాయి. మొదటిది ఫిల్టర్‌ను గౌరవిస్తుంది. ఒక్కొక్కరికీ విడి ఉత్తరం వెళుతుంది గనుక ఒకరి చిరునామా మరొకరికి కనిపించదు. మామూలు ఉత్తరంగా పంపితే చిరునామాలు ఇతరులకు కనిపించని ‘బీసీసీ’ గడిలో ఉండాలి. పని అయ్యాక ఫిల్టర్ తీసేయడం మరచిపోతే అది ఆ వ్యూను పట్టుకుని అలాగే ఉండిపోతుంది. మర్నాడు కంప్యూటర్ తెరిచినప్పుడు 35 మంది తప్ప మిగతా కాంటాక్టులన్నీ పోయాయని కంగారు పుడుతుంది. కింది పట్టీలో ఫిల్టర్ వేసి ఉన్నట్టు చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కంగారులో అది ఎవరి కంటా పడదు.

పంపే మీట నొక్కే ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. జాబితాలో తప్పక ఉండవలసిన ఒకరినీ, తప్పక ఉండకూడని ఇద్దరినీ ముందే అనుకోవాలి. భీమవరం మేత కార్యాలయానికి సంబంధించినంతవరకు, ఉండకూడనివారిలో ఒకరు ఆ ఊరి ఐస్ ఫ్యాక్టరీ యజమాని, మరొకరు అమలాపురం మేత డీలర్. మొదటివారికి ఊరు కుదురుతుంది, పని కుదరదు. రెండోవారికి పని కుదురుతుంది, ఊరు కుదరదు. ఇద్దరిలో ఏ ఒక్కరు కనిపించినా ఎక్కడో ‘మరియు’ బదులు ‘లేదా’ పడినట్టే. ఊరిని వర్గాల్లోంచి తీసి చిరునామా గడిలో పెట్టుకున్న తర్వాత ఆ ఇద్దరూ మాయమై, జాబితాలో 34 పేర్లు మిగిలాయనుకుందాం. ఒకటి తగ్గింది. ఉండవలసినవారి పేరుతో వెతికితే ఆ కార్డు దొరుకుతుంది; ఊరి గడిలో ఎవరో ‘బీమవరం’ అని కొట్టి ఉంటారు.